కూడిక మరచిన మేధావి

1963 అక్టోబరు 10. కాలిఫోర్నియాలో, పసిఫిక్ ఒడ్డున, బిగ్ సర్ అనే చోట కొండల మధ్య ఒక చిన్న ఇల్లు. అందులో టెలిఫోన్ లేదు. అటవీశాఖ రేంజరు ఒకతను వచ్చి, మీ అమ్మాయి ఫోన్ చేయమందని ఆ ఇంటి దంపతులకు చెప్పాడు. వెళ్లి ఫోన్ చేస్తే తెలిసిన కబురు, లైనస్ పౌలింగ్‌కు నోబెల్ శాంతి బహుమతి అని. రసాయన శాస్త్రంలో నోబెల్ తొమ్మిదేళ్ల కిందటే వచ్చింది. ఎవరితోనూ పంచుకోకుండా రెండు నోబెల్‌లు అందుకున్న మనిషి అప్పటికీ ఇప్పటికీ ఆయనొక్కరే. భూగర్భంలో తప్ప మరెక్కడా అణుపరీక్షలు జరపకూడదన్న ఒప్పందం అమల్లోకి వచ్చింది కూడా ఆ రోజే. దాని కోసం ఆయన ఏళ్ల తరబడి దేశద్రోహి అనిపించుకున్నారు.

అప్పటికి పౌలింగ్ వయసు 62. కథ అక్కడ ఆగి ఉంటే ఆ పేరుకు మచ్చ ఉండేది కాదు. కానీ ఇంకో 31 ఏళ్లు నడిచింది. ఆ ముప్పై ఏళ్లలో ఆయన ఎక్కడా లంచం తినలేదు, ఎవరికీ ద్రోహం తలపెట్టలేదు. నమ్మినదాన్నే చెప్పారు, చెప్పినదాన్నే తానూ పాటించారు. అయినా జారిపోయారు. దుర్మార్గుడి పతనం మనకు ఊరటనిస్తుంది. పౌలింగ్ పతనంలో ఆ ఊరట లేదు.

ఆయన 1901లో ఆరిగన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో పుట్టారు. తండ్రిది మందుల దుకాణం. కొడుక్కి తొమ్మిదేళ్లప్పుడు ఆ తండ్రి కడుపులో పుండు పగిలి చనిపోయారు. తల్లి బెల్ అద్దెకు గదులిచ్చి ముగ్గురు పిల్లల్ని సాకారు. ఆమెకు పెర్నీషియస్ అనీమియా అనే రక్తహీనత. అది రక్తాన్ని పల్చన చేసి ఊరుకోదు, నరాలనూ మతినీ తినేస్తుంది. 1926లో కొడుకు జర్మనీలోని మ్యూనిక్‌లో కొత్త భౌతికశాస్త్రం చదువుకుంటూ ఉండగా, ఆమె ఆరిగన్‌లోని మానసిక వైద్యశాలలో కన్ను మూశారు.

అదే ఏడాది బోస్టన్‌లో మైనట్, మర్ఫీ అనే ఇద్దరు వైద్యులు, రోజూ కాలేయం తినిపిస్తే ఈ జబ్బు లొంగుతుందని లోకానికి చెప్పారు. కాలేయంలో పనిచేస్తున్నది విటమిన్ బి12 అని తేలడానికి మరో 22 ఏళ్లు పట్టింది. రోజుకు కొన్ని మైక్రోగ్రాములు ఒంటికి పట్టి ఉంటే ఆ తల్లి బతికేది. తల్లికి దక్కనివి మైక్రోగ్రాములు. కొడుకు తర్వాత లోకానికి పంచిపెట్టబోయినవి గ్రాములు. ఒక గ్రాము అంటే పది లక్షల మైక్రోగ్రాములు. ఈ కథంతా ఆ రెండు కొలతల మధ్య జరిగింది.

యూరప్ నుంచి తిరిగొచ్చాక పౌలింగ్ చేసిన పని రసాయన శాస్త్రం రూపురేఖల్నే మార్చింది. అణువుల్లో పరమాణువులు ఒకదాన్నొకటి ఎందుకు పట్టుకుంటాయో, ఏ కోణంలో, ఎంత దూరంలో పట్టుకుంటాయో లెక్క కట్టి చూపించారు. 1939లో వచ్చిన ఆయన పుస్తకం మీద రెండు మూడు తరాల రసాయన శాస్త్రవేత్తలు చదువుకున్నారు. సికిల్ సెల్ జబ్బుకు మూలం రక్తంలోని హిమోగ్లోబిన్ అణువులో ఉందని 1949లో నిరూపించారు. ఒక జబ్బును ఒక అణువులో వేలుపెట్టి చూపించడం అదే మొదలు. 1951లో ప్రోటీన్లలోని మెలిక నిర్మాణాన్ని బయటపెట్టారు.

1953 ఫిబ్రవరిలో మాత్రం తప్పటడుగు వేశారు. డి.ఎన్.ఎ. మూడు పేటల తాడు అని ప్రకటించారు. అందులో రసాయన శాస్త్రం మొదటి పాఠాల్లోనే దొరికే పొరపాటు ఉంది. రెండు నెలలకు కేంబ్రిడ్జిలోని వాట్సన్, క్రిక్‌లు రెండు పేటల నిర్మాణాన్ని ప్రచురించారు. పౌలింగ్ కేంబ్రిడ్జి వెళ్లి, వాళ్ల నమూనా చూసి, మీదే సరైనదని ఒప్పుకున్నారు. అప్పటికి ఆయనకు ఓడిపోవడం వచ్చు. తర్వాత కథ చదివేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోవాలి.

అణుపరీక్షల మీద ఆయన చేసిన పోరాటానికీ ఒక లెక్కే ఆధారం. ఒక బాంబు రాల్చే రేడియోధార్మిక స్ట్రాన్షియం-90 చాలా కొంచెం. ఇంత కొంచెం వల్ల ఏ హానీ లేదని ప్రభుత్వాలు చెప్పేవి. విడివిడిగా చూడకండి, కూడి చూడండి అన్నది పౌలింగ్ వాదన. గడ్డి మీద రాలింది ఆవు పాలలోకి వస్తుంది, పాలలోంచి పసిపిల్లల ఎముకల్లోకి చేరుతుంది. దాని గుణం కాల్షియంలాంటిది కాబట్టి ఎముక దాన్ని కాల్షియమనే అనుకుని దాచుకుంటుంది. ఈ బాంబు అమెరికాది, ఆ బాంబు రష్యాది అని ఎముకకు తెలియదు. బాంబులు ఎన్నయినా శరీరం ఒక్కటే. ఈ వాదన మీద ఆయనా భార్య ఏవా హెలెన్ కలిసి వేల మంది శాస్త్రవేత్తల చేత సంతకాలు పెట్టించి, 1958లో ఐక్యరాజ్యసమితికి అందజేశారు. అంతకుముందు 1952లోనే ప్రభుత్వం ఆయనకు పాస్‌పోర్టు నిరాకరించింది. పత్రికలు ఈసడించాయి. చివరికి ఆయన మాటే నెగ్గింది.

అలా నెగ్గడంలోనే ప్రమాదం పొంచి ఉంది. అందరూ కాదన్న చోట ఒక్కడై నిలబడి గెలిచినవాడికి, అందరూ కాదనడమే తాను సరైన దారిలో ఉన్నాననడానికి గుర్తుగా కనిపించడం మొదలవుతుంది. దానికి తోడు మరో అనుభవం ఉంది. 1941లో ఆయనకు మూత్రపిండాల జబ్బు వచ్చింది. ఆ రోజుల్లో దానికి మందు లేదు. థామస్ ఆడిస్ అనే వైద్యుడు ఉప్పూ మాంసకృత్తులూ బాగా తగ్గించిన పథ్యంతో ఆయన్ను బతికించారు. వైద్యులు చేతులెత్తేసిన చోట తిండి కాపాడుతుందని ఆయన ఒంటితోనే నేర్చుకున్నారు.

1966లో న్యూయార్క్‌లో ఒక సన్మాన సభ. ఇంకో పదిహేను, ఇరవై ఏళ్లు బతికి, సైన్స్‌లో జరగబోయే వింతలన్నీ చూడాలని ఉందన్నారు పౌలింగ్. ఆ మాట విన్న ఇర్విన్ స్టోన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త తర్వాత ఉత్తరం రాశారు. రోజుకు 3,000 మిల్లీగ్రాముల విటమిన్ సి వేసుకోండి, ఇంకా ఎక్కువే బతుకుతారు అని. విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ జబ్బు రాకుండా ఉండటానికి పదుల మిల్లీగ్రాములు చాలు. పౌలింగ్ దంపతులు 3,000తో మొదలుపెట్టారు. ఒళ్లు తేలికపడింది, జలుబులు తగ్గాయి అనుకున్నారు. మోతాదు పెరుగుతూ పోయి చివరి ఏళ్లలో 18,000 మిల్లీగ్రాముల దాకా వెళ్లింది.

1970లో విటమిన్ సి, జలుబుల మీద ఆయన పుస్తకం వచ్చింది. అమెరికా మందుల షాపుల్లో విటమిన్ సి సీసాలు నిలవలేదు. రెండు నోబెల్‌ల మనిషి చెప్పాక ఇక ఎవరిని అడగాలి? తర్వాతి దశాబ్దాల్లో పరీక్షలన్నీ పోగేసి చూస్తే తేలింది ఇది: మామూలు మనుషులకు రోజూ విటమిన్ సి వేసుకున్నా జలుబు రావడం తగ్గదు. వచ్చిన జలుబు పెద్దల్లో సుమారు 8 శాతం త్వరగా పోతుంది. మారథాన్ పరుగు, మంచులో కవాతు లాంటి తీవ్ర శ్రమ చేసేవాళ్లకు మాత్రం జలుబులు సగమయ్యాయి. ఇంతమాత్రం నిజం ఉంది. ఈ నిజానికి సరిపడినంతే చెప్పి ఊరుకుంటే ఆయన పెద్దరికం నిలిచేది.

జలుబు నుంచి కేన్సర్‌కు వెళ్లారు. స్కాట్లాండ్ వైద్యుడు ఈవన్ కామెరాన్‌తో కలిసి 1976లో ఒక పత్రం ప్రచురించారు. ఇక ఆశ లేదనుకున్న 100 మంది కేన్సర్ రోగులకు రోజుకు 10 గ్రాముల విటమిన్ సి ఇస్తే, ఇవ్వనివారికన్నా నాలుగు రెట్లకు పైగా ఎక్కువ కాలం బతికారని దాని సారం. ఆ పోలికలోనే లోపముంది. ఇవ్వనివారి లెక్కల్ని పాత ఆసుపత్రి రికార్డుల నుంచి ఏరుకున్నారు. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు రోగుల్ని చీటీ తీసినట్టు రెండు గుంపులు చేసి, ఎవరికేది ఇస్తున్నారో ఎవరికీ తెలియకుండా పరీక్షించారు. 1979లో ఫలితం, ఏ తేడా లేదని. ముందే కీమోథెరపీ తీసుకున్నవాళ్ల మీద చేశారు కాబట్టి చెల్లదన్నారు పౌలింగ్. సరేనని కీమో తీసుకోనివాళ్ల మీద మళ్లీ చేశారు. 1985లోనూ అదే జవాబు. పౌలింగ్ ఆ వైద్యుల మీద నిప్పులు చెరిగారు. కేంబ్రిడ్జిలో ఇద్దరు కుర్రవాళ్ల ముందు నవ్వుతూ ఓడిపోయిన మనిషి, ఈసారి ఓటమి కాగితాన్ని అందుకోనే లేదు.

ఈలోగా ఇంట్లో దీపం కొండెక్కింది. 1976లో ఏవా హెలెన్‌కు కడుపులో కేన్సర్ బయటపడింది. ఆపరేషన్ చేశారు. కీమోథెరపీ వద్దనుకుని రోజుకు పది గ్రాముల విటమిన్ సి తీసుకున్నారు. ఆయన్ను శాంతి ఉద్యమంలోకి నడిపించింది ఆవిడే. ఆ నోబెల్‌లో సగం ఆమెదేనని ఆయనే అనేవారు. 1981 డిసెంబరులో ఆమె వెళ్లిపోయారు. పౌలింగ్‌తో కలిసి విటమిన్ల పరిశోధన సంస్థను స్థాపించిన శిష్యుడు ఆర్థర్ రాబిన్సన్ అప్పటికే విడిపోయి కోర్టుకెక్కారు. పౌలింగ్ మాత్రం ఆగలేదు. ఆమె మరణం కూడా ఆయన నమ్మకాన్ని కదిలించలేకపోయింది. కదిలితే ఆమె చివరి ఐదేళ్లకు జవాబు చెప్పుకోవలసింది ఆయనే. ఆ బరువు మోసే శక్తి ఎంతమందికి ఉంటుంది?

ఎక్కువ కాలం, ఆరోగ్యంగా బతకడమెలాగో చెబుతూ 1986లో ఆయన ఇంకో పుస్తకం రాశారు. అందులో రోజూ వేసుకోవలసినవాటి జాబితా ఉంది. విటమిన్ సి 6 నుంచి 18 గ్రాములు. విటమిన్ ఇ 400 నుంచి 1,600 యూనిట్లు. బి విటమిన్లన్నీ పెద్ద మోతాదులో కలిపిన మాత్రలు. విటమిన్ ఎ 25,000 యూనిట్లు. పైన ఖనిజాల మాత్ర. ఇప్పుడు వైద్యశాస్త్రం పెద్దలకు పెట్టిన గరిష్ఠ పరిమితి విటమిన్ సి విషయంలో రోజుకు 2 గ్రాములు. విటమిన్ ఎ విషయంలో 3,000 మైక్రోగ్రాములు, అంటే 10,000 యూనిట్లు.

ఈ జాబితాలో గుండె పిండే సంగతి ఒకటుంది. ఏ విటమిన్ ఒంట్లో నిలవ ఉంటుంది, ఏది బయటికి పోతుంది అన్నది తేల్చేది అణువు నిర్మాణమే. విటమిన్ సి అణువు చుట్టూ నీటితో చేతులు కలిపే హైడ్రాక్సిల్ గుంపులుంటాయి. నీటిలో కరుగుతుంది, ఎక్కువైనది మూత్రంలో పోతుంది. విటమిన్ ఎ ఒక పొడవాటి కార్బన్ గొలుసు. నీటితో దానికి పొత్తు కుదరదు. కొవ్వులో కరిగి కాలేయంలో చేరి నెలల తరబడి అక్కడే ఉంటుంది. రోజూ కొంచెం మిగిలినా అది మీద మీద పేరుకుంటుంది. నీటికీ అణువుకూ మధ్య ఈ చుట్టరికాన్ని, హైడ్రోజన్ బంధాన్ని, లోకానికి పాఠంగా చెప్పిందెవరు? 1939 నాటి పుస్తకంలో దానికి ఒక అధ్యాయమే కేటాయించిన పౌలింగ్. పాలలోని స్ట్రాన్షియం ఎముకలో పేరుకుంటుందని హెచ్చరించిందీ ఆయనే. ఆ రెండు పాఠాలూ తెలిసిన మనిషి, కాలేయంలో పేరుకునేదాన్ని రోజూ వేసుకోమని లోకానికి రాసిచ్చారు.

విటమిన్ సి మూత్రంలో పోతుందన్నది కూడా పూర్తి ధైర్యమిచ్చేది కాదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో జరిపి 1996లో ప్రచురించిన పరిశోధన, రోజుకు 400 మిల్లీగ్రాముల దగ్గరికి వచ్చేసరికే రక్తం దాదాపు నిండిపోతుందని చూపింది. ఆపైన వేసుకున్నది చాలావరకు వృథా. పేగుల్లో మిగిలింది విరేచనాలు పట్టిస్తుంది. ఒంట్లో కొంత భాగం ఆక్సలేట్‌గా మారుతుంది. విటమిన్ సి మాత్రలు వాడే మగవాళ్లలో మూత్రపిండాల్లో రాళ్లు రెట్టింపు కనిపించాయని స్వీడన్‌లో 2013లో తేలింది. నీటిలో కరిగే బి6 సంగతి మరీ ఘోరం. రోజుకు రెండు గ్రాములకు పైగా వేసుకుని పాదాల్లో స్పర్శ పోగొట్టుకున్న ఏడుగురి గురించి వైద్యులు 1983లోనే రాశారు. అమెరికాలో దాని పరిమితి 100 మిల్లీగ్రాములు. యూరప్ 2023లో దాన్ని 12కు దించింది.

1991లో పౌలింగ్‌కే కేన్సర్ వచ్చింది, ప్రోస్టేట్ గ్రంథిలో. విటమిన్ సి వల్లనే అది ఇన్నేళ్లు ఆలస్యమైందన్నారు. 1994 ఏప్రిల్‌లో ఫిన్లాండ్ నుంచి ఒక ఫలితం వెలువడింది. పొగతాగే 29,133 మంది మగవాళ్లలో కొందరికి, ఊపిరితిత్తుల కేన్సర్ ఆపుతుందన్న ఆశతో ఒంట్లో విటమిన్ ఎగా మారే బీటా కెరోటిన్‌ను రోజుకు 20 మిల్లీగ్రాములు ఇచ్చారు. వాళ్లలో ఆ కేన్సర్ 18 శాతం పెరిగింది. కూరగాయల్లో తిన్నప్పుడు మేలు చేసేదిగా కనిపించినది, మాత్రగా మింగినప్పుడు హాని చేసింది. ఆ ఆగస్టు 19న, శాంతి బహుమతి కబురు విన్న ఆ కొండల్లోనే, 93 ఏళ్ల వయసులో పౌలింగ్ కన్ను మూశారు. రెండేళ్లు తిరక్కుండా అమెరికాలో అలాంటిదే మరో పరీక్షను మధ్యలో ఆపేశారు. అక్కడ కేన్సర్ 28 శాతం పెరిగింది. 2011లో, రోజుకు 400 యూనిట్ల విటమిన్ ఇ తీసుకున్న మగవాళ్లలో ప్రోస్టేట్ కేన్సర్ 17 శాతం ఎక్కువైందని తేలింది. ఆయన జాబితాలో అది కనిష్ఠ మోతాదు.

ఆయన పోయారు, జాబితా మిగిలింది. రచయిత పేరు తెలియకుండానే అది మన ఇళ్లలోకి వచ్చింది. ఎక్కువైతే మూత్రంలో పోతుందిలే అన్న ధీమా రూపంలో, విటమినే కదా ఏం చేస్తుంది అన్న మాట రూపంలో. మోకాళ్ల నొప్పులున్న ఒక పెద్దావిడ రోజు లెక్క ఊహించి చూద్దాం. డాక్టరు వారానికి ఒకసారి వేసుకోమని రాసిన 60,000 యూనిట్ల విటమిన్ డి పొడి, రోజుకు సుమారు 8,570. ఎనిమిది వారాలకే రాసినా ఆవిడ ఆపలేదు. డి3 కలిసిన కాల్షియం మాత్రలు రెండు, 1,000. నీరసానికి మల్టీవిటమిన్, ఇంకో 1,000. అమెరికా నుంచి అబ్బాయి తెచ్చిన డబ్బాలో మాత్ర ఒక్కోటి 5,000. మొత్తం 15,000 దాటింది. డాక్టరు పర్యవేక్షణ లేకుండా మించకూడనిది 4,000. ఒక్కో డబ్బా విడిగా చూస్తే ఎంత మించిందో తెలియదు, కూడితేనే తెలుస్తుంది. వారం పొడిని పొరపాటున రోజూ వేసుకుని, రక్తంలో కాల్షియం పెరిగి, వాంతులతో, తీరని దాహంతో, దెబ్బతిన్న మూత్రపిండాలతో ఆసుపత్రికి చేరినవాళ్ల ఉదంతాలు మన దేశపు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

కూడిక కష్టం కాదు, కుదురుగా చేయాలంతే. ఇంట్లో ఉన్న డబ్బాలన్నీ ఒక్కచోట పెట్టి, మందు పేరును బట్టి కాకుండా అందులోని పదార్థాన్ని బట్టి రాసుకోవాలి. విటమిన్ ఎ ఒక డబ్బా మీద యూనిట్లలో, ఇంకో దాని మీద మైక్రోగ్రాముల్లో ఉంటుంది. ఒక మైక్రోగ్రాము రెటినాల్ అంటే 3.3 యూనిట్లు. విటమిన్ డి అయితే 40 యూనిట్లు. మార్చకుండా కూడితే లెక్క తప్పుతుంది. కాడ్ లివర్ నూనెలో ఎ, డి రెండూ ఉంటాయి. పోషకాలు కలిపినట్టు తెలిపే ప్లస్ ఎఫ్ (+F) గుర్తున్న పాలు, వంటనూనెల్లోనూ అవి కొద్దిగా కలుపుతారు. గర్భిణులకు మాత్రల్లోని విటమిన్ ఎ ఎక్కువైతే బిడ్డకు అవకరాలు రావచ్చు. జింక్ రోజుకు 40 మిల్లీగ్రాములు మించి నెలల తరబడి వాడితే ఒంట్లో రాగి తరుగుతుంది. జుట్టు కోసం వేసుకునే బయోటిన్ థైరాయిడ్ పరీక్షల్ని తప్పుదారి పట్టించగలదు. రక్తాన్ని పల్చన చేసే మందులు వాడేవారు విటమిన్ ఇ, కె విషయంలో డాక్టర్ని అడగకుండా ఏదీ మొదలుపెట్టకూడదు.

ఈ లెక్కలో మనవాడి పేరూ ఒకటుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపించిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అది ఎన్నో రకాల రక్తహీనతల్ని కుదిర్చింది. పెర్నీషియస్ అనీమియా దగ్గర మాత్రం వైద్యులు ఒక వింత చూశారు. ఫోలిక్ ఆమ్లం ఇస్తే రక్తం బాగుపడుతోంది, నరాలు మాత్రం క్షీణిస్తూనే ఉన్నాయి. కొరత బి12ది. రక్తపరీక్షలో అది దాగిపోతోంది. అందుకే మాత్రల ద్వారా వచ్చే ఫోలిక్ ఆమ్లానికి రోజుకు 1,000 మైక్రోగ్రాముల హద్దు పెట్టారు. మంచి మందు కూడా ఎక్కువైతే పక్కవాడి లేమిని కప్పేస్తుందని తేల్చిన జబ్బు, పౌలింగ్ తల్లిని తీసుకుపోయిన జబ్బే.

పౌలింగ్ పేరుతో నడిచే ఆ పరిశోధన సంస్థ ఆయన పోయాక 1996లో ఆరిగన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి మారింది. ఆయన డిగ్రీ చదువుకున్న చోటది. విటమిన్ల మీద సామాన్యులకు సలహాలిచ్చే ఆ సంస్థ ఇవాళ పెద్దలకు సూచిస్తున్న విటమిన్ సి రోజుకు 400 మిల్లీగ్రాములు. మించకూడని హద్దు ఉన్న విటమిన్ల పక్కన ఆ హద్దును కూడా అది ప్రచురిస్తుంది. స్థాపకుడు మింగినది ఆ 400 మిల్లీగ్రాములకు 45 రెట్లు. గుమ్మం మీద ఆయన పేరు తీసేయలేదు, లోపల ఆయన లెక్క మాత్రం దిద్దేశారు. 1953లో ఆయన తన తప్పును కళ్లారా చూసి ఒప్పుకోగలిగారు. తర్వాత ఒప్పుకోలేకపోయినదాన్ని ఆయన తరఫున వారసులు ఒప్పుకున్నారు. ఒక శాస్త్రవేత్తకు చేయగలిగిన కర్మకాండ అంతకన్నా లేదు.